కొత్త ప్లేటు కొన్నాం, వింటారా?

కొత్త చీర కొనుక్కొచ్చి, ఎవరికీ చూపించకుండా బీరువాలో పెట్టేయగలరా మీరు? పెట్టలేరు కదూ! పక్కింటావిడ రావాలి. అంచు పట్టుకు చూడాలి. "ఎక్కడ కొన్నారండీ, ఎంతేమిటి?" అని అడగాలి. వందో, యాభయ్యో తగ్గించి మనం చెప్పాలి. అప్పటిదాకా ఆ చీర కొన్నట్టే వుండదు.

సరిగ్గా ఇదే జబ్బు వున్న మనుషులు ఇంకొందరున్నారు. వాళ్ళే జాజ్ సంగీతాభిమానులు. కొత్త రికార్డు గానీ, సీడీ గానీ కొన్నారంటే ఆ సాయంత్రానికల్లా ఇంకో అభిమానికి వినిపించి తీరాలి. "ఇదిగో, మొన్న కొన్నాను" అంటూ అట్టపెట్టె బయటికి తీయడంలో వాళ్ళకున్న సంబరం చూస్తే, పెళ్ళికూతురి నగలు చూపించే మేనత్తలు కూడా దిగదుడుపే!

జాజ్ అంటే మనలో చాలామందికి పాత సినిమాల్లో క్లబ్బు డాన్సు వెనక వినిపించే బాకాల మోత. పాపం, దానికా చెడ్డపేరు మన సినిమావాళ్ళే తెచ్చిపెట్టారు. అమెరికాలో, ముఖ్యంగా న్యూ ఆర్లీన్స్ నగరంలో, నల్లజాతి వారి మధ్య 20వ శతాబ్దం మొదట్లో రూపు కట్టిన సంగీతమిది. మొదటి జాజ్ ప్లేటు 1917లో వచ్చింది. ఇందులో పాట వరస ఒకటి ముందే వుంటుంది. దాన్ని ఒకసారి వాయించేశాక, ఆ వాద్యగాడు అప్పటికప్పుడు తన మనోధర్మం కొద్దీ అల్లుకుపోతాడు. మన కచేరీల్లో స్వరకల్పన చేస్తారే, అలాగన్నమాట. నిన్న వాయించినట్టు ఇవాళ వాయించడు. అందుకనే జాజ్ అభిమాని ఇంట్లో ఒకే పాట పది రికార్డుల్లో వుంటుంది. "ఈ పాట మనింట్లో వుందిగా, మళ్ళీ ఎందుకూ డబ్బు తగలెయ్యడం?" అని ఇల్లాలు అడిగితే ఆయన తెల్లమొహం వేస్తాడు. మరి ఒకే త్యాగరాజ కీర్తనని ఎమ్మెస్ పాడగా విన్నవాళ్ళం, బాలమురళిగారు పాడితే మళ్ళీ వినమా?

ఇది మగవాళ్ళ పిచ్చి, మనకెందుకులే అనుకుంటున్నారేమో! కాస్త ఆగండి. రికార్డు కొని ఇంకొకరికి వినిపించే ఈ అలవాటు ముగ్గురు ఆడవాళ్ళ జీవితాల్ని ఎలా తిప్పేసిందో చెబుతాను. అందులో ఒకావిడ మరీ విచిత్రం. మూడు నిమిషాల పాట విని, ఎక్కాల్సిన విమానం వదిలేసుకుంది.

నెవార్క్ అమ్మాయి

అమెరికాలో న్యూయార్క్ నగరానికి దగ్గర్లోనే నెవార్క్ అనే వూరుంది. 1922లో పుట్టి అక్కడ పెరిగిన లొరైన్ స్టైన్ అనే అమ్మాయికి పదిహేను పదహారేళ్ళకే జాజ్ రికార్డుల పిచ్చి పట్టింది. ఆ రోజుల్లో అమెరికాలోనూ, ఫ్రాన్సులోనూ 'హాట్ క్లబ్బు'లని వుండేవి. పేరు చూసి కంగారు పడకండి, అవి ఉత్త శ్రోతల సంఘాలు. ఎవరో ఒకరి ఇంట్లో చేరడం, కొత్తగా దొరికిన ప్లేటు వేసి వినిపించడం, బాకా వూదింది ఫలానా ఆయనా కాదా అని గొంతు చించుకోవడం! నెవార్క్ హాట్ క్లబ్బులో మన లొరైన్ సభ్యురాలు. ఎక్కువమంది మగపిల్లలే వుండే చోట ఆ వయసు అమ్మాయి చేరి తన మాట తను చెప్పిందంటే, ఎంత గట్టిదో చూడండి.

అప్పటి ప్లేట్లు నిమిషానికి 78 సార్లు తిరిగేవి. పదంగుళాల ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాల పాట పట్టేది, అంతే. అన్నట్టు, ఆ ప్లేట్లు దేంతో చేసేవారో తెలుసా? లక్కతో! లాడ్ బజారు గాజులకి వాడే లక్కే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే జిగురును శుద్ధి చేసి, రాతిపొడి వగైరాలు కలిపి, అచ్చులో నొక్కి ప్లేటు చేసేవారు. ప్రపంచానికి కావలసిన లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్ళేది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల రాకపోకలు చిక్కుల్లో పడ్డాయి, యుద్ధపు పనులకీ లక్క కావలసి వచ్చింది. అంచేత 1942లో అమెరికా ప్రభుత్వం ప్లేట్ల కోసం వాడే లక్కని బాగా కోసేసింది. పాత ప్లేటు తెచ్చిస్తేనే కొత్తది అమ్ముతామన్న షాపులున్నాయి, స్టీలు సామాన్లవాడికి పాత బట్టలు వేసినట్టు! ఎక్కడో మన అడవుల్లో పురుగులు పెట్టిన జిగురు కోసం అక్కడ అభిమానులు అంత అవస్థ పడ్డారు.

లొరైన్‌కి బాగా నచ్చిన రికార్డులు 'బ్లూ నోట్' అనే చిన్న కంపెనీవి. ఆ కంపెనీ పెట్టిన ఆల్ఫ్రెడ్ లయన్ కూడా మొదట ఉత్త అభిమానే. బెర్లిన్‌లో పుట్టి పెరిగి, అమెరికా వచ్చి స్థిరపడ్డాడు. 1938 డిసెంబరు 23న న్యూయార్క్ కార్నెగీ హాల్లో ఒక కచేరీ విన్నాడు. అందులో పియానో వాయించిన ఇద్దరిని రెండు వారాలకల్లా, 1939 జనవరిలో, స్టూడియోకి తీసుకెళ్ళి రికార్డు చేయించాడు. అలా మొదలైంది బ్లూ నోట్. కొందరు వున్న రికార్డులు కొని స్నేహితులకి వినిపిస్తారు, ఈయన లేని రికార్డులు తయారుచేసి మరీ వినిపించాడు. అదే సంవత్సరం సిడ్నీ బెషే వాయించిన 'సమ్మర్‌టైమ్'ని పన్నెండంగుళాల ప్లేటు మీద తెచ్చాడు. చిన్న ప్లేటయితే వాద్యగాడు తొందరపడాలి, పెద్దదయితే ఇంకో నిమిషం తీరిగ్గా అల్లుకోవచ్చు. అంత శ్రద్ధ!

బెషే అంటే పడిచచ్చే లొరైన్, ఆల్ఫ్రెడ్ లయన్‌ని 1940ల మొదట్లో పెళ్ళి చేసుకుంది. పెళ్ళయ్యాక ఏం చేసింది? మనం చేసేదే... అన్నీ! ఉత్తరాలు రాసింది, ప్రచారం చూసింది, రికార్డులు అమ్మే పనీ నెత్తినేసుకుంది. 1947లో ఒక సంగీతకారుడు వీళ్ళని థెలోనియస్ మంక్ అనే ఆయన ఇంటికి తీసుకెళ్ళాడు. చిన్న గది, అందులోనే పియానో. కూర్చోడానికి కుర్చీలయినా లేక, వచ్చినవాళ్ళు మంచం మీద కూర్చున్నారు. మంక్ వాయించాడు. అడుగు తప్పినట్టే వుంటుంది, కానీ తప్పదు. ఇక్కడ స్వరం వస్తుందనుకుంటే వూరుకుంటాడు, రాదనుకున్న చోట వేలు వేస్తాడు. ఆ కొత్త ధోరణికి లొరైన్ కట్టుబడిపోయింది.

ఆ అక్టోబరులో మంక్ రికార్డులు చేయడం మొదలెట్టారు. ఇక అమ్మడం! ప్లేట్లు మోసుకుని నల్లజాతివాళ్ళు వుండే హార్లెంలో షాపు షాపూ తిరిగింది లొరైన్. ఇతనికి వాయించడం రాదమ్మా అని షాపువాళ్ళు మొహం మీదే చెప్పేవాళ్ళు. వినకుండా తీసేయకండి, ఒక్కసారి వేసి చూడండని వెంటపడేది. పత్రికలవాళ్ళకి ఉత్తరాలు రాసేది. 1948లో న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే క్లబ్బు నడిపే మాక్స్ గోర్డన్‌ని బతిమాలి, మంక్‌తో కచేరీలు పెట్టించింది. వినడానికి జనమే రాలేదు! మాక్స్ గోర్డన్ నెత్తీ నోరూ బాదుకున్నాడట. ఆడది నచ్చజెప్పి పెట్టించిన పని బెడిసికొడితే ఎన్ని మాటలు పడాలో మనకి తెలియనిది కాదు. ఆవిడ మాత్రం తన మాట వెనక్కి తీసుకోలేదు. అదే మంక్ బొమ్మ 1964 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది.

ఇరవై సార్లు విన్న ఇల్లాలు

లొరైన్ అలా చంకనేసుకు తిరిగిన రికార్డుల్లో ఒకటి 'రౌండ్ మిడ్‌నైట్'. అది ఎక్కడ తేలిందో వినండి.

పనోనికా అని ఒకావిడ. లండన్‌లో 1913లో, కోటీశ్వరులైన రోత్‌షైల్డ్ కుటుంబంలో పుట్టింది. భర్త ఫ్రెంచి దౌత్యాధికారి, అయిదుగురు పిల్లలు. భర్త ఉద్యోగం మెక్సికోలో. ఒకసారి న్యూయార్క్ వచ్చి, తిరిగి వెళ్ళేరోజు విమానాశ్రయానికి పోతూ పోతూ, తెలిసిన పియానో విద్వాంసుడు టెడ్డీ విల్సన్‌కి చెప్పి వెళదామని ఆగింది. ఇది విన్నావా, కొత్తగా వచ్చిందంటూ ఆయన మంక్ ప్లేటు వేశాడు. అయిపోగానే మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ, మళ్ళీ... ఇరవైసార్లు వరసగా విన్నానని ఆవిడే తర్వాత చెప్పుకుంది. మూడు నిమిషాల పాట ఇరవై సార్లంటే ఎంతయిందో లెక్కేసుకోండి, గంట! విమానం వెళ్ళిపోయింది. ఆవిడ ఇక ఆ ఇంటికి కాపరానికి వెళ్ళలేదు. భార్యాభర్తలు విడిపోయారు.

ఇది చదివి "హవ్వ!" అనుకునేవాళ్ళుంటారు. అయిదుగురు పిల్లల తల్లి అలా చేయొచ్చా అంటే... నాకూ మనసొప్పదు. ఒక్క పాటకే ఇల్లు కూలదు, ఆ ఇంట్లో అప్పటికే ఏదో బీటలు వారి వుంటుంది. ఏమైనా, అప్పటినుంచీ ఆవిడ న్యూయార్క్‌లో పేద జాజ్ వాద్యగాళ్ళకి అండగా నిలిచింది. అద్దెలు కట్టింది, కచేరీలకి కారులో దింపింది. మంక్ తన చివరి సంవత్సరాలు ఆవిడ ఇంట్లోనే గడిపి 1982లో కన్నుమూశాడు.

ఈ కథ చెప్పేవాళ్ళు మంక్ భార్య నెల్లీని మరచిపోతుంటారు. న్యూయార్క్ క్లబ్బుల్లో వాయించడానికి పోలీసులిచ్చే కార్డు 1951లో మంక్‌కి పోయింది. 1957 దాకా తిరిగి రాలేదు. ఆ ఆరేళ్ళూ ఇంటి భారం చాలావరకు మోసింది నెల్లీ. ఆవిడ ఆసుపత్రిలో వున్నప్పుడు మంక్ కట్టిన వరసకి ఆవిడ పేరే పెట్టాడు, 'క్రెపస్క్యూల్ విత్ నెల్లీ' అని. జాజ్ వినాలని మీకెప్పుడైనా అనిపిస్తే దీనితో మొదలుపెట్టండి. భార్య కోసం కట్టిన వరస కాబట్టి, ఆయన ఎప్పుడూ చేసే అల్లికలు ఇందులో దాదాపు లేవు. వున్నది వున్నట్టు వాయిస్తాడు.

సముద్రం అవతల

ప్లేటు వేసి చూపించిన ఆ టెడ్డీ విల్సన్ తనే పెద్ద పేరున్న వాద్యగాడని చెప్పానుగా. ఆయన వాయించిన ప్లేటొకటి జపాన్‌లో బెప్పు అనే వూళ్ళో ఒక అభిమాని దగ్గరుంది. పాట పేరు 'స్వీట్ లొరైన్'. మన నెవార్క్ లొరైన్‌కీ దానికీ సంబంధం లేదు లెండి, పేరు కలిసిందంతే.

తోషికో అకియోషి 1929లో మంచూరియాలో పుట్టింది. యుద్ధం ముగిశాక ఆస్తులన్నీ అక్కడే వదిలి కుటుంబం బెప్పు చేరింది. పదహారు, పదిహేడేళ్ళ పిల్ల డాన్సుహాల్లో పియానో వాయించే పనికి కుదిరింది. అప్పుడా అభిమాని పిలిచి 'స్వీట్ లొరైన్' వినిపించాడు. పియానో ఇలా కూడా పలుకుతుందా అనుకుంది. ఇక అదే దారి. 1956లో అమెరికా వెళ్ళి, బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత పాఠశాలలో చేరింది. 1973లో భర్త లూ టబాకిన్‌తో కలిసి లాస్ ఏంజెలిస్‌లో పెద్ద బృందం కట్టింది. 1974లో వచ్చిన ఆ బృందం మొదటి రికార్డు 'కోగున్'. యుద్ధం అయిపోయిందని తెలియక దాదాపు ముప్ఫై ఏళ్ళు ఫిలిప్పీన్స్ అడవిలో వుండిపోయిన జపాన్ సైనికుడి కథ చూసి కట్టింది. అందులో జపాన్ వాళ్ళ సంప్రదాయ మద్దెల మోగుతుంది. 'డౌన్‌బీట్' జాజ్ పత్రిక పాఠకుల ఓటింగులో ఉత్తమ స్వరకర్తగా నెగ్గిన మొదటి మహిళ తోషికోయే.

అమెరికా వెళ్ళకముందు ఆవిడ విని విని నేర్చుకున్న చోటొకటుంది. యొకొహామాలో 'చిగుసా' అనే కాఫీ హోటలు. 1933లో మమోరు యోషిదా అనే ఆయన పెట్టాడు. అప్పట్లో జపాన్‌లో విదేశీ రికార్డులు కొనడమంటే మాటలు కాదు. అందుకని హోటలాయన కొని తెస్తాడు, కుర్రాళ్ళు ఒక్క కాఫీ చెప్పి గంటలకొద్దీ కూర్చుని వింటారు. జాజ్ కిస్సా అంటారు వీటిని. చాలా చోట్ల మాట్లాడ్డం నిషేధం! తిరుగుతున్న రికార్డు అట్ట అందరికీ కనిపించేలా నిలబెడతారు. అంటే కొత్తగా కొన్నది వూరందరికీ చూపించడమే ఆ హోటలు వ్యాపారమన్నమాట.

యుద్ధకాలంలో, 1943లో, జాజ్‌ని శత్రువుల సంగీతమని జపాన్ ప్రభుత్వం నిషేధించింది. 1945లో యొకొహామా మీద పడిన బాంబులకి హోటలూ, రికార్డులూ కాలిపోయాయి. యోషిదా ఏం చేశాడనుకున్నారు? యుద్ధం అయ్యాక మళ్ళీ రికార్డులు పోగేసి తెరిచాడు. ఆయన 1994లో పోయాక చెల్లెలు, పాత ఖాతాదార్లు కలిసి 2007 దాకా నడిపారు. మూతపడ్డ దాన్ని 2012లో అభిమానులే మళ్ళీ తెరిచారు.

ఇక్కడ లొరైన్ సంగతి పూర్తి చేయాలి. ఆల్ఫ్రెడ్ లయన్‌తో కాపరం సాగలేదు. మంక్ కచేరీలకి జనం రాలేదని గోల పెట్టిన ఆ మాక్స్ గోర్డన్‌నే తర్వాత పెళ్ళాడింది! ఇద్దరు ఆడపిల్లలు. క్లబ్బు ఆయన చూసుకుంటే, ఆవిడ పిల్లల్ని పెంచింది, అణుపరీక్షలు వద్దంటూ ఆడవాళ్ళతో కలిసి వీధికెక్కింది. 1989లో మాక్స్ పోయాడు. ఇంకెక్కడి క్లబ్బు, అమ్మేస్తుందిలే అనుకున్నారు. ఒక్క రాత్రి మూసి, మర్నాడు తలుపులు తీసి తనే గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. అప్పుడావిడకి అరవై ఆరో, అరవై ఏడో. 2018లో, 95వ ఏట పోయేదాకా వదల్లేదు. తర్వాత కూతురు డెబోరా అందుకుంది. నూట ఇరవై పైచిలుకు మంది పట్టే ఆ భూగృహంలో చేసిన రికార్డులంటే అభిమానులకి ఇప్పటికీ ప్రాణం. 1961 జూన్ 25న బిల్ ఎవాన్స్ అక్కడ వాయించిన పియానో వింటుంటే, వెనకాల గ్లాసుల చప్పుడు కూడా వినిపిస్తుంది.

అట్ట తిప్పి ఏం చూస్తారు?

మనం అంచు చూసి గద్వాలో, ఉప్పాడో చెప్పమూ? ఈ అభిమానులు కూడా అంతే. కొత్తగా కొన్న పాత రికార్డు చేతికివ్వగానే, పాట అయిపోయాక చక్రం మధ్యలో మిగిలే ఖాళీ జాగాని దీపం కింద పెట్టి చూస్తారు. అక్కడ 'ఆర్‌వీజీ' అని చిన్న అక్షరాలు గీసి వుంటే మొహం వెలిగిపోతుంది. రూడీ వాన్ గెల్డర్ అనే ఆయన రికార్డు చేసి, తన చేత్తో మూలఫలకం చెక్కాడని గుర్తు. పగలంతా జనం కళ్ళు పరీక్షించి కళ్ళజోళ్ళిచ్చే ఉద్యోగం, సాయంత్రం రికార్డింగు. స్టూడియో ఎక్కడంటారా? హాకెన్‌సాక్ అనే వూళ్ళో వాళ్ళ అమ్మానాన్నల ఇంటి హాలు! 1959లో వేరే స్టూడియో కట్టుకునేదాకా బాకాలు, డ్రమ్ములు అన్నీ ఆ హాల్లోనే మోగాయి. రికార్డుల అట్టల మీద కొడుకు పేరుంది. రోజూ వచ్చిపోయే ఆ జనాన్ని భరించిన తల్లి పేరు ఏ అట్ట మీదా లేదు.

ధర పెరుగుతుందని రికార్డు కొని, కవరు కూడా చింపకుండా దాచేవాళ్ళూ వున్నారు. వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. లాకర్లో పెట్టిన వడ్డాణం కనీసం పెళ్ళిళ్ళకైనా బయటికొస్తుంది.

1982లో జపాన్‌లో సీడీలు అమ్మకానికి వచ్చినప్పుడు ప్లేట్ల పని అయిపోయిందన్నారు. 2022లో అమెరికాలో సీడీల కంటే ప్లేట్లే ఎక్కువ అమ్ముడుపోయాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదలు. టోక్యోలో మటుకు జాజ్ సీడీల షాపుల్లో ఇప్పటికీ అరలు నిండుగా వుంటాయి.

మీ ఇంట్లో అటక మీద తాతగారి కాలం ప్లేట్లున్నాయేమో ఒకసారి దింపి చూడండి. జాజ్ కాకపోయినా, ఏ నాటకం పద్యాలో వుంటాయి. 78 సార్లు తిరిగే లక్క ప్లేటయితే, స్పిరిటుతో గానీ, మరే మందుతో గానీ తుడవకండి, లక్క అందులో కరిగిపోతుంది. పొడి మెత్తటి బట్టతో, గీతల వెంబడే గుండ్రంగా తుడవాలి. ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టకుండా, పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండ తగిలే గోడ పక్కన వద్దు. తర్వాత వచ్చిన వినైల్ ప్లేటు తిప్పే ముల్లు వీటికి పనికిరాదు, దీని గీత వెడల్పు, ముల్లు వేరే కావాలి. సీడీకి మాత్రం గుండ్రంగా తుడవడం తప్పు, మధ్యనుంచి అంచుకి తిన్నగా తుడవాలి. మెరిసే వైపుకన్నా పేరు అచ్చువేసిన వైపు గీత పడితేనే ఎక్కువ ప్రమాదం, పాట వుండేది ఆ రంగు కిందే. ప్లేటు పట్టుకునేప్పుడు రెండు అరచేతుల మధ్య అంచులు ఆనించి పట్టుకోండి, వేళ్ళకి చమురు లేకుండా చూసుకోండి. వంకాయ వేపుడు మధ్యలో వచ్చి తీయడం అస్సలు పనికిరాదు.